ఒకే పలక మీద ఇరవై లెక్కలు

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. అందుకని వేరియబుల్ కన్నా ముందు నాకు చరరాశి తెలుసు. మారేది చరరాశి, మారనిది స్థిరరాశి. మా లెక్కల మాస్టారు బోర్డు మీద రెండూ రాసి కింద రెండేసి గీతలు కొట్టేవారు. అంతకన్నా అందులో తెలుసుకోవాల్సింది ఏమీ లేదనుకున్నాను. తర్వాత ఇంజనీరింగులో సీ, ఉద్యోగంలో జావా. ఇంటర్వ్యూల్లో వేరియబుల్ స్కోపు గురించి ఎవరన్నా అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ణి.

అలాంటి నేను 2024 నవంబర్లో ఒకే ఒక్క వేరియబుల్‌తో నలభై ఒక్క మంది జీతం డబ్బులు తారుమారు చేశాను. ఇన్నాళ్ళూ ఇది ఆఫీసు దాటి ఎక్కడా చెప్పలేదు. కానీ ఈమధ్య మా టీములోకి కొత్తగా వచ్చిన అమ్మాయి అచ్చంగా నేను చేసిన పనే చెయ్యబోతుంటే ఆపాల్సొచ్చింది. ఇక రాసెయ్యడమే మంచిదనిపించింది.

సంగతేంటంటే, రెండేళ్ళ క్రితం నన్ను జావా ప్రాజెక్టు నుంచి తీసి వర్క్‌ఫ్లో ఆటోమేషన్‌లో పడేశారు. పవర్ ఆటోమేట్ తెలుసు కదా, 2016లో మైక్రోసాఫ్ట్ ఫ్లో పేరుతో వచ్చి 2019లో పేరు మార్చుకుంది. కోడ్ రాసే పనుండదు. డబ్బా కింద డబ్బా పేర్చడమే. మెయిలొస్తే ఇది చెయ్యి, మేనేజరు ఒప్పుకుంటే అది చెయ్యి, లేకపోతే ఇంకోటి చెయ్యి. మొదట్లో నాకు చాలా నామోషీగా ఉండేది. "నువ్వు ఇంజనీరువా, డబ్బాలు సర్దేవాడివా?" అని రూమ్మేట్ ఏడిపించేవాడు. పని తేలికన్న చులకన భావం కూడా ఉండేది. జరిగినదాంట్లో సగం తప్పు ఆ చులకనదే.

మాకొక క్లయింటు ఉంది. ఆఫీసులకి సెక్యూరిటీ గార్డుల్నీ, హౌస్‌కీపింగ్ వాళ్ళనీ పంపే సంస్థ. మా ఆఫీసు గేటు దగ్గరుండేదీ వాళ్ళ మనుషులే. రాత్రి డ్యూటీ చేసినవాళ్ళకి రాత్రికి 150 రూపాయలు అదనంగా ఇస్తారు. నెలాఖరుకి ఎవరు ఎన్ని రాత్రులు చేశారో లెక్కగట్టి, ఒక్కొక్కరికీ ఒక చీటీ తయారుచేసి, వాళ్ళ సూపర్‌వైజరుకీ అకౌంట్స్‌కీ మెయిల్ పంపాలి. సూపర్‌వైజరు చీటీ ప్రింటు తీసి మనిషి చేతికిచ్చి సంతకం పెట్టించుకుంటాడు. చీటీలో ఎంతుంటే అకౌంట్స్ వాళ్ళు అంత వేస్తారు. అప్పటిదాకా ఇదంతా ఒకాయన ఎక్సెల్‌లో మూడు రోజులు కూర్చుని చేసేవాడు. దాన్ని ఆటోమేట్ చెయ్యమని మాకిచ్చారు.

ఫ్లో చాలా సింపుల్. షేర్‌పాయింట్ లిస్టులోంచి 312 మంది పేర్లు తెచ్చుకోవడం. 'అప్లై టు ఈచ్' లూపులో ఒక్కో మనిషికీ అతని రాత్రులు లెక్కబెట్టి, 150తో గుణించి, వచ్చిన మొత్తాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టడం. ఆ మొత్తం రెండు చోట్ల కావాలి, మెయిల్ సబ్జెక్టులో ఒకసారి, చీటీలో ఒకసారి. రెండుసార్లు ఫార్ములా రాయడం దేనికి, వేరియబుల్‌లో పెట్టేస్తే పోలా అనుకున్నాను. జావా బుర్ర కదా.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి, కథంతా దీని మీదే ఉంది. జావాలో లూపు లోపల వేరియబుల్ డిక్లేర్ చేస్తే అది ఆ ఒక్క చుట్టుకే. చుట్టు అయిపోగానే పోతుంది, తర్వాతి చుట్టుకి కొత్తది పుడుతుంది. పవర్ ఆటోమేట్‌లో అలా కుదరదు. 'ఇనిషియలైజ్ వేరియబుల్' డబ్బాని లూపులో పెట్టనివ్వదు, కండిషన్‌లోనూ పెట్టనివ్వదు. ఫ్లోకి పై మెట్టులోనే పెట్టాలి. లూపు లోపల 'సెట్ వేరియబుల్' అని విలువ మార్చుకోవడమే. మొదటిసారి అది ఎర్రగా తప్పు చూపిస్తే విసుక్కుని పైకి జరిపాను. ఎందుకు పైకి జరపమంటోందో ఆలోచించలేదు. ఆ వేరియబుల్ ఫ్లో మొత్తానికీ ఒక్కటేనని, లూపు ఎన్ని చుట్లు తిరిగినా అందరూ దాన్నే వాడతారని అది నాకు తన భాషలో చెబుతోంది. నేను వినలేదు.

అలాగే పెట్టి టెస్టు చేశాను. పనిచేసింది. కాకపోతే ఒక్కో మనిషికి చీటీ తయారై, పీడీఎఫ్ అయ్యి, మెయిల్ వెళ్ళడానికి 7 సెకన్లు. 312 మందికి 36 నిమిషాలు. మూడు రోజుల పని 36 నిమిషాల్లో అవుతోందని సంతోషించాలి కదా? ఉహూఁ. డెమోలో క్లయింటు ముందు 36 నిమిషాలు తిరిగే చక్రాన్ని చూపించడం నాకు చిన్నతనంగా అనిపించింది.

లూపు సెట్టింగుల్లో 'కన్‌కరెన్సీ కంట్రోల్' అని ఒక మీట ఉంటుంది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, అంటే ఒకరి తర్వాత ఒకరు. ఆన్ చేస్తే ఒకేసారి ఎన్ని చుట్లు నడవాలో 1 నుంచి 50 దాకా పెట్టుకోవచ్చు. ముందుగా 20 ఉంటుంది. ఆన్ చేసి 20 అలాగే ఉంచాను. ముగ్గురి పేర్లతో టెస్టు చేశాను, మూడూ కరెక్టే. మొత్తం నడిపితే మూడు నిమిషాల లోపే అయిపోయింది. "శభాష్" అన్నారు. ఆ రోజు బిర్యానీ నేనే తెప్పించాను :)

అక్టోబరు నెల చీటీలు దీపావళి మర్నాడు, నవంబరు 1 శుక్రవారం సాయంత్రం వెళ్ళాయి. 312 మెయిళ్ళు. రన్ హిస్టరీలో అన్నీ పచ్చ టిక్కులే. ఒక్క ఎర్ర గుర్తు లేదు. సోమవారం పొద్దున అకౌంట్స్ వాళ్ళు డబ్బులు వేసేశారు.

మంగళవారం నేను గేటు దాటుతుంటే మా సెక్యూరిటీ పెద్దాయన ఆపారు. అరవైకి దగ్గరగా ఉంటారు. రోజూ నా బండికి నీడలో చోటు చూపిస్తారు, అంతే మా పరిచయం. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన చీటీ తీశారు.

"బాబూ, ఈ కంప్యూటర్ చీటీలు మీ ఆఫీసులోనే చేస్తారంట కదా. ఇది నాది కాదేమో చూడండి."

చీటీ మీద ఆయన పేరే ఉంది, ఆయన నంబరే ఉంది. మొత్తం 2100.

"పేరు మీదే కదండీ?"

"పేరు నాదే బాబూ, డబ్బులు నావి కావు. దసరాకి ఊరెళ్ళిపోయాను. పోయిన నెల నేను చేసింది నాలుగు రాత్రులే. ఆరొందలు రావాలి. ఎవరివో పదిహేనొందలు నాకొచ్చేశాయి."

ఎవరో రాత్రులు తప్పుగా ఎక్కించి ఉంటారు, చూస్తాలెండి అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. సీటు దగ్గరకెళ్ళి లిస్టు తెరిస్తే ఆయన పేరు పక్కన నాలుగు రాత్రులే ఉన్నాయి. ఫార్ములా 600 అనే చెబుతోంది. ఆయన మెయిల్ తెరిచాను. సబ్జెక్టులో 600. లోపలున్న చీటీలో 2100. ఒకే మెయిల్‌లో, ఒకే వేరియబుల్‌కి, రెండు విలువలు.

అప్పుడు కడుపులో దేవినట్టయింది.

జావా వాళ్ళకి ఈపాటికే అర్థమయ్యుంటుంది. మిగతావాళ్ళకి ఇలా చెబుతాను. బళ్ళో ఇరవై మంది పిల్లలున్నారు, పలక ఒక్కటే. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, లెక్క చేసి, జవాబు చదివి, తుడిచేసి వెళితే ఏ గొడవా లేదు. నిదానంగా అవుతుంది, అంతే. నేను ఇరవై మందినీ ఒకేసారి పలక మీదకి వదిలాను. పెద్దాయన చుట్టు వచ్చి పలక మీద 600 రాసింది. ఆ అంకె చూసి మెయిల్ సబ్జెక్టు తయారుచేసుకుంది. ఈలోగా పద్నాలుగు రాత్రులు చేసిన ఇంకొకరి చుట్టు వచ్చి, 600 తుడిచేసి 2100 రాసింది. పెద్దాయన చుట్టు చీటీ రాయడానికి మళ్ళీ పలక వంక చూస్తే అక్కడ 2100 ఉంది. అదే రాసుకుంది. పేరు మాత్రం లూపులోని మనిషి వరసలోంచి నేరుగా వస్తుంది, పలక మీద నుంచి కాదు, కాబట్టి పేరు తప్పలేదు. మనిషి సరైనవాడే, అంకె పక్కవాడిది. పచ్చ టిక్కు ఎందుకు పడిందంటే ఏ డబ్బా కూడా ఫెయిల్ కాలేదు. ప్రతి డబ్బా నేను చెప్పిన పని చెప్పినట్టే చేసింది.

ముగ్గురితో టెస్టు చేస్తే ఎందుకు దొరకలేదంటారా? రాయడానికీ చదవడానికీ మధ్య ఉన్న ఆ కాస్త సందులో ఇంకొకడు రావాలి. ముగ్గురున్నప్పుడు రాలేదు. ఇలాంటి తప్పు రోజూ కనపడదు, రద్దీలోనే కనపడుతుంది.

ఆ రాత్రి కూర్చుని 312 చీటీలూ లిస్టుతో పోల్చాను. 41 తప్పు. అందులో 18 మందికి ఎక్కువెళ్ళింది, 23 మందికి తక్కువెళ్ళింది. ఎక్కువొచ్చిన 18 మందిలో వచ్చి చెప్పింది పెద్దాయనొక్కరే. అది నాకు పెద్దగా ఆశ్చర్యం కలిగించలేదు. నిద్ర పట్టనివ్వనిది రెండో అంకె. తక్కువొచ్చిన 23 మందిలో ఒక్కరంటే ఒక్కరు కూడా అడగలేదు. అందరూ సంతకాలు పెట్టారు.

మర్నాడు మా మేనేజరుకి చెప్పాను. ఆయన తిట్టలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది. క్లయింటుకి వెళ్ళే మెయిల్‌లో 'సాంకేతిక లోపం వల్ల' అని ఉంటే, అది తీసేసి కాన్ఫిగరేషన్లో మా పొరపాటు అని రాయమని నేనే అడిగాను. కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. తక్కువొచ్చినవాళ్ళకి ఆ వారంలోనే వేయించారు. ఎక్కువ వెళ్ళింది వెనక్కి తీసుకోకుండా ఆయనే మాట్లాడి ఒప్పించారు. పెద్దాయన మాత్రం 1500 తిరిగిచ్చేస్తానని రెండు రోజులు నా వెంటపడ్డారు.

తక్కువొచ్చినవాళ్ళలో ఒకబ్బాయి పక్క బిల్డింగులో పనిచేస్తాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో. పన్నెండు రాత్రులు చేశాడు, 1800 రావాలి, 600 వచ్చింది. నేనే వెళ్ళి మాట్లాడాను.

"పన్నెండు రాత్రులు చేసి ఆరొందలొస్తే అడగలేదేం తమ్ముడూ?"

అతను కాసేపు నేల చూపులు చూశాడు. "ఒక రోజు తెల్లారగట్ట కునుకు పట్టేసింది సార్. సూపర్‌వైజరు గారు చూసేశారు. అందుకే కోసేశారేమో అనుకున్నాను."

ఏం చెప్పాలో తెలీలేదు. నా లూపులో రెండు చుట్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటే, దానికి కారణాన్ని అతను తనలో వెతుక్కున్నాడు. మనకి తేడా వస్తే రన్ హిస్టరీ తెరిచి చూసుకుంటాం. అతనికి ఉన్నది చీటీ ఒక్కటే. కంప్యూటర్లోంచి వచ్చిన అంకె కాబట్టి అది తప్పయ్యుండదు, తప్పు తనదే అయ్యుంటుంది. సాఫ్ట్‌వేర్ మీద జనానికి అంత నమ్మకం. ఆ నమ్మకానికి తగ్గట్టు మనం పనిచేస్తున్నామా అంటే నా వరకు ఆ నెల చెయ్యలేదు.

సరే, ఏడుపు చాలు. ఏం మార్చానో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది.

మొట్టమొదట కన్‌కరెన్సీ ఆఫ్ చేశాను. డబ్బుల విషయంలో 36 నిమిషాలు ఆగలేనంత తొందర ఎవరికుందసలు? తర్వాత తీరిగ్గా కూర్చుని ఆ వేరియబుల్‌నే తీసేశాను. దాని బదులు 'కంపోజ్' పెట్టాను. కంపోజ్ అంటే ఒకసారి విలువ కట్టి పక్కన పెట్టుకోవడం. మళ్ళీ మార్చడానికి వీలుండదు. లూపు లోపల పెడితే ఏ చుట్టు కంపోజ్ ఆ చుట్టుదే, పక్క చుట్టు దాన్ని ముట్టుకోలేదు. ఒక్క పలక బదులు ఎవరి నోటుపుస్తకం వాళ్ళకిచ్చినట్టు. నాకు కావలసింది మొదటి నుంచీ అదే. ఆ 600 అనేది ఒకసారి లెక్కగట్టాక మారనే మారదు. మాస్టారి భాషలో చెప్పాలంటే ఆ మనిషి వరకు అది స్థిరరాశి. నేను దాన్ని తీసుకెళ్ళి చరరాశిలో పెట్టాను.

ఇది చూశాక పాత ఫ్లోలన్నీ తిరగేశాను. వాటిల్లో నేను పెట్టిన వేరియబుల్స్‌లో సగానికి పైగా ఇంతే, ఒకసారి రాసి తర్వాత మార్చనివి. నిజంగా మారుతూ పోవాల్సినవి కొన్నుంటాయి. లెక్కపెడుతూ పోయే కౌంటరు, 'డూ అంటిల్' లూపు ఎప్పుడాగాలో చెప్పే జెండా, అలాంటివి. వాటికి వేరియబుల్ కావాలి, ఆ లూపు ఒకరి తర్వాత ఒకరే నడవాలి. లూపు లోపల మారే విలువా కావాలి, చుట్లు ఒకేసారీ నడవాలంటే, లోపలి పనంతా ఒక చైల్డ్ ఫ్లోలో పెట్టి పిలవాలి. పిలిచినప్పుడల్లా అది విడి రన్, దాని వేరియబుల్స్ దానివి.

ఇదేదో ఒక్క పవర్ ఆటోమేట్ గోల అనుకోకండి. కముండా 7లో మామూలుగా వేరియబుల్ సెట్ చేస్తే ఆ పేరుతో పైన ఎక్కడైనా ఉందేమో వెతుకుతుంది, లేకపోతే ప్రాసెస్ మొత్తానికీ చెందేలా పెట్టేస్తుంది. ఇక్కడికే పరిమితం అనుకుంటే లోకల్ అని విడిగా చెప్పాలి. నవ్వొచ్చే విషయమేంటంటే 2007లో ప్రమాణంగా వచ్చిన డబ్ల్యూఎస్ బీపెల్ 2.0 లోనే దీని గురించి ఆలోచించారు. అందులో ఫర్ ఈచ్ లోపల తప్పనిసరిగా ఒక స్కోపు ఉండాలి, ఏ చుట్టు వేరియబుల్స్ దానికి ఉంచుకోవచ్చు. ఎక్స్‌ఎమ్మెల్ చాంతాడంత ఉంటుందని మా సీనియర్లు దాన్ని తిట్టుకునేవాళ్ళు గానీ, ఈ విషయంలో మాత్రం వాళ్ళకి అది కాపలా కాసింది.

మారాల్సినదాన్ని రాయిలా పాతెయ్యడం దీనికి సరిగ్గా ఎదురు తప్పు. అదీ చేశాను లెండి. రాత్రికి 150 అన్న అంకెని ఫార్ములాలోనే రాసేశాను. సూపర్‌వైజర్ల మెయిల్ అడ్రసులు కూడా డబ్బాల్లో నేరుగా ఉండేవి. ఇప్పుడవన్నీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లోకీ, ఒక లిస్టులోకీ వెళ్ళాయి. రేటు పెరిగితే ఫ్లో తెరవకుండా ఒక్క చోట మారిస్తే చాలు. టెస్టు సర్వర్లో ఒక విలువ, అసలుదాంట్లో ఒక విలువ ఉంచుకోవచ్చు. పేర్లో వేరియబుల్ అని ఉంది కానీ ఒక రన్ నడుస్తున్నంతసేపూ అది స్థిరంగా ఉండాల్సిందే. మనుషులు మార్చాలి దాన్ని, ఫ్లో కాదు.

ఇంకో చిక్కు ఉంది. అప్రూవల్ కోసం ఆగే ఫ్లోలు రోజుల తరబడి పడి ఉంటాయి. పవర్ ఆటోమేట్‌లో ఒక రన్ 30 రోజుల దాకా ఉండొచ్చు. మొదటి రోజు మేనేజరు ఎవరో చూసి వేరియబుల్‌లో పెట్టుకుంటే, పదిహేనో రోజున ఆ మేనేజరు ఉద్యోగం మానేసినా ఫ్లోకి తెలియదు. ఆయన ఖాళీ మెయిల్ పెట్టెకే రిమైండర్లు పంపుతుంటుంది. అదే రేటు విషయమైతే మొదటి రోజున ఉన్నదే ఉంచడం న్యాయం కావచ్చు, ఎందుకంటే పని చేసింది పాత రేటు రోజుల్లో. ఏది ఎప్పుడు చదవాలన్నది సాఫ్ట్‌వేర్ ప్రశ్న కాదు, క్లయింటుని అడగాల్సిన ప్రశ్న. అడక్కుండా మనమే ఏదో ఒకటి పెట్టేస్తాం, అదే రూలైపోతుంది.

అందుకని ఇప్పుడు 'ఇనిషియలైజ్ వేరియబుల్' అని వెతికే ముందు మూడు ప్రశ్నలేసుకుంటాను. దీన్ని ఎవరు మారుస్తారు? ఎంతసేపు బతకాలి? అదే సమయంలో ఇంకెవరైనా దీన్ని ముట్టుకుంటారా? మూడింటికీ జవాబు ఒక వాక్యంలో చెప్పలేకపోతే వేరియబుల్ పెట్టను. కొత్తమ్మాయికి చెప్పింది కూడా ఇదే. తన ఫ్లోలో వేరియబుల్ పేరు 'టెంప్ 2' అని ఉంది. టెంప్ 1 ఏదమ్మా అంటే తనకీ గుర్తులేదు :)

చివరగా పెట్టిన డబ్బా అన్నిటికన్నా ముఖ్యమైనది, మొదటి రోజే ఉండాల్సింది. ఇప్పుడు చీటీలు ముందే పంపేయం. అన్నీ తయారయ్యాక ప్రతి చీటీకీ పక్కన లిస్టులోని రాత్రుల లెక్క పెట్టి పోల్చి, ఒక్కటి తేడా వచ్చినా మొత్తం ఆపేసి నాకు మెయిల్ పెడుతుంది. ఎక్సెల్‌లో చేసిన ఆ పాతాయన చివర్లో టోటల్ సరిచూసుకునేవాడట. ఆటోమేట్ చేసేటప్పుడు ఆయన చేసే పనులన్నీ అడిగి రాసుకున్నాను గానీ, సరిచూసుకోవడాన్ని పని కింద లెక్కెయ్యలేదు.

పెద్దాయన మొన్న మార్చిలో పని మానేసి ఊరెళ్ళిపోయారు. ఆయన తెచ్చిన చీటీ నా డెస్కు సొరుగులోనే ఉంది, ఆ నాలుగు మడతల్తోనే. ఫ్లోలో పచ్చ టిక్కులు వరసగా పడ్డప్పుడు అప్పుడప్పుడూ తీసి చూస్తుంటాను.